మొసలి – చట్టం – స్థానబలం

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక వన్యప్రాణికి చట్టం ఎన్ని విధాలుగా రక్షణ కల్పిస్తుందో, ఆ రక్షణ ఎక్కడ బలపడుతుందో, ఎక్కడ సన్నగిల్లుతుందో గోదావరి తీరంలోని శివ్వారం అభయారణ్యం ఆధారంగా విద్యార్థులకు వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘ఖని’ అంటే గని. నది పేరును, గని పేరును కలిపి పెట్టుకొన్న పట్టణం గోదావరిఖని. ఆ పేరు వినగానే నల్లబంగారం, షిఫ్టు సైరను, ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టలు మనసులో మెదలుతాయి. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు సమీపంలో బొగ్గు పొరలను గుర్తించిన నాటి నుండి గోదావరి లోయ చరిత్ర బొగ్గుతో పెనవేసుకొన్నది. రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా గల సింగరేణి కాలరీస్ కంపెనీ ఈ ప్రాంతంలో వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్నది. రామగుండంలో జాతీయ తాప విద్యుత్ సంస్థ కేంద్రం వెలసింది. నదికి ఆవలి ఒడ్డున జైపూర్ మండలం పెగడపల్లి వద్ద సింగరేణి సంస్థ సొంత విద్యుత్ కేంద్రం 2016లో ఉత్పత్తి ప్రారంభించింది. నేల కింది బొగ్గు, నేల మీది నీరు కలిసినప్పుడే ఈ ప్రాంతపు వెలుగు.

ఈ రెండు సంపదల గురించి అందరికీ తెలుసు. మూడవ సంపదను గురించి తెలిసినవారు తక్కువ. గోదావరిఖని నుండి నది వెంట దిగువకు సాగితే మంథని ప్రాంతం వస్తుంది. అక్కడ నది లోతైన మడుగులు కట్టి, నడివేసవిలో కూడా నీటిని నిలుపుకొంటుంది. వాటిలో పేరు పొందినది ఎల్ మడుగు. ఈ మడుగులలో మొసళ్లు తరతరాలుగా నివసిస్తున్నాయి. వాటి రక్షణ కోసం ప్రభుత్వం 36.29 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణాన్ని శివ్వారం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. నాడు ఆ ప్రాంతం ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలలో ఉండేది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలకు చెందింది. ఒడ్డున టేకు, మద్ది చెట్ల అడవి, అందులో చుక్కల దుప్పులు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు, నీటిలో మొసళ్లు. బొగ్గుబావుల సీమకు ఇంత దగ్గరలో ఇటువంటి చోటు మిగిలి ఉండడం విశేషం.

గోదావరి మొసలిని మంచినీటి మొసలి అని, మగ్గర్ అని వ్యవహరిస్తారు. సంస్కృతంలోని ‘మకర’ శబ్దమే హిందీలో ‘మగర్’ అయి, అక్కడి నుండి ‘మగ్గర్’గా మారింది. భారతదేశంలో మూడు జాతుల మొసళ్లు ఉన్నాయి. గంగ, చంబల్ వంటి ఉత్తరాది నదులలో సన్నని పొడవాటి మూతి గల ఘరియాల్ నివసిస్తుంది. ఒడిశాలోని భితర్‌కనిక వంటి తీరప్రాంతపు మడ అడవులలో ఉప్పునీటి మొసలి ఉంటుంది. నదులు, చెరువులు, జలాశయాలు, బురద మడుగులు అన్నింటిలోను బ్రతకగలిగినది మగ్గర్. పెరిగిన మగ్గర్ సాధారణంగా మూడు, నాలుగు మీటర్ల పొడవు ఉంటుంది. చేపలు, కప్పలు, పక్షులు, చిన్న జంతువులు దాని ఆహారం. చనిపోయి నీటిలో పడిన పశువుల కళేబరాలను సైతం తిని నదిని శుభ్రపరుస్తుంది.

మొసలి నీటి జంతువే అయినా దాని వంశం నిలిచేది ఒడ్డుమీద. ఆడ మొసలి వేసవి తొలినాళ్లలో నీటి అంచుకు పైన ఇసుకలోనో, మెత్తని మట్టిలోనో గుంత తవ్వి సుమారు 25 నుండి 30 గుడ్లు పెడుతుంది. వాటిని కప్పివేసి, దాదాపు రెండు నెలల పాటు ఆ పరిసరాలలోనే కావలి కాస్తుంది. పుట్టబోయేది ఆడదో మగదో నిర్ణయించేది గూటిలోని వేడి. 32 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉన్నప్పుడు మగపిల్లలు, అంతకంటె తక్కువ వేడిలో ఆడపిల్లలు ఎక్కువగా పుడతాయి. గుడ్డులో నుండి పిల్లల కూతలు వినిపించగానే తల్లి గూడు తవ్వి, పిల్లలను నోట కరచుకొని నీటిలో విడుస్తుంది. పశువును చీల్చగల ఆ దవడలు పిల్లలకు ఊయల కావడం ప్రకృతి వింత. దీనిని బట్టి మొసలికి లోతైన నీరు, ఎండ కాగేందుకు నిశ్శబ్దమైన ఒడ్డు, గూడు కట్టేందుకు కదలని ఇసుక – ఈ మూడూ ఒకేచోట కావాలని గ్రహించవచ్చు.

తెలుగువారికి మొసలి కొత్తది కాదు. పోతనామాత్యుని భాగవతంలోని గజేంద్రమోక్షం వినని ఇల్లు ఉండదు. ఆ కథలో మొసలి ఏనుగు కాలు పట్టిన క్రూరజంతువు. అయితే శాపవశాన మొసలిగా మారిన హూహూ అనే గంధర్వునికి కూడా ఆ కథలోనే విముక్తి కలిగిన సంగతిని చాలామంది మరచిపోతారు. కపట దుఃఖాన్ని ‘మొసలి కన్నీరు’ అంటాము. నీటిలో ఉన్నంతసేపు ఏనుగును సైతం లాగగల మొసలి, ఒడ్డెక్కితే కుక్కకు కూడా లోకువవుతుందని పెద్దలు చెబుతారు. దీనినే స్థానబలం అన్నారు. నీతిబోధకు వాడుకొన్న ఈ మాట నేటి వన్యప్రాణి సంరక్షణకు కూడా మూలసూత్రమే. మొసలి బలమంతా దాని చోటులో ఉన్నది. చట్టం ఆ చోటును కాపాడగలిగిందా, లేదా అన్నదే అసలు ప్రశ్న.

క్షీణతకు కారణాలు

ఇరవయ్యవ శతాబ్దం మధ్య నాటికి దేశంలోని మూడు జాతుల మొసళ్లూ అంతరించే దశకు చేరుకొన్నాయి. మొసలి తోలుతో చేసిన సంచులకు, చెప్పులకు, నడుము పట్టీలకు విదేశాలలో మంచి ధర పలికేది. తుపాకులు, వలలు, గాలాలతో వేటగాళ్లు నదులను గాలించారు. గుడ్లను తవ్వి తీసేవారు. పెద్ద ఆనకట్టల వెనుక నీటిమట్టం పెరిగి గూళ్లు పెట్టే ఇసుక తిన్నెలు మునిగిపోయాయి. చేపల వలలలో చిక్కి ఊపిరాడక చనిపోయిన మొసళ్లకు లెక్క లేదు. మొసలి పట్ల జనానికి సహజంగా ఉండే భయం కూడా దానికి శత్రువైంది. పులి చనిపోతే జాలిపడేవారు ఉంటారు. మొసలి చనిపోతే ఊపిరి పీల్చుకొనేవారే ఎక్కువ. ఇటువంటి ప్రాణికి ప్రజల సానుభూతి కంటె ముందు చట్టం అండ అవసరమైంది.

మూడు జాబితాలు

ఒక జీవికి రక్షణ ఉన్నదని చెప్పినప్పుడు ఆ మాటకు అర్థం మూడు విధాలుగా ఉండవచ్చు. ఈ మూడింటిని వేరువేరుగా తెలుసుకోవాలి.

మొదటిది శాస్త్రజ్ఞుల జాబితా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 1964 నుండి ‘ఎర్ర జాబితా’ను నిర్వహిస్తున్నది. ఒక జాతి ఎంత వేగంగా తగ్గుతున్నదో, ఎంత విస్తీర్ణంలో మిగిలి ఉన్నదో పరిశీలించి ఆ సంఘం దాని స్థితిని నిర్ణయిస్తుంది. మగ్గర్ మొసలిని ఈ జాబితా ‘ప్రమాదానికి లోనుకాగల జాతి’గా పేర్కొన్నది. ఘరియాల్‌ది అంతకంటె విషమ స్థితి. అది ‘తీవ్రంగా అంతరించిపోతున్న జాతి’. ఎర్ర జాబితా వైద్యుడు రాసే రోగనిర్ణయం వంటిది. అది జబ్బు ఎంత ముదిరిందో చెబుతుంది. ఎవరినీ శిక్షించే అధికారం దానికి లేదు.

రెండవది వర్తకుల చేతులు కట్టే జాబితా. అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించడానికి 1973లో వాషింగ్టన్ నగరంలో దేశాలు ఒక ఒడంబడిక చేసుకొన్నాయి. దీనికి సైటిస్ అని వ్యవహారనామం. ఇది 1975లో అమలులోకి వచ్చింది. భారతదేశం 1976లో చేరింది. ఈ ఒడంబడిక మొదటి అనుబంధంలో మగ్గర్ పేరు ఉన్నది. అడవి నుండి పట్టిన మొసలిని గాని, దాని తోలును గాని దేశాల మధ్య వ్యాపారం కోసం తరలించడానికి వీలులేదని దీని భావం. తోలుకు గిరాకీ విదేశాలలో ఉన్నది కనుక ఆ దారి మూసుకొనడంతో వేట లాభం సగానికి సగం పోయినట్లే. అయితే ఓడరేవు దాటని నేరాన్ని ఈ ఒడంబడిక పట్టుకోలేదు.

మూడవది దేశ చట్టంలోని జాబితా. భారత పార్లమెంటు 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని చేసింది. జీవుల పేర్లను షెడ్యూళ్లుగా విభజించి, ఏ షెడ్యూలులోని ప్రాణికి ఎంత రక్షణో ఈ చట్టం నిర్ణయిస్తుంది. 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చి ఆరు షెడ్యూళ్లను నాలుగుగా కుదించింది. మొదటి షెడ్యూలుది అత్యున్నత రక్షణ. పులి ఉన్న ఆ షెడ్యూలులోనే మగ్గర్ మొసలి కూడా ఉన్నది. చట్టం దృష్టిలో అడవికి రాజైన పులికి, బురదలో పొర్లే మొసలికి భేదం లేదు.

తిమింగలం నేర్పిన పాఠం

జాబితాలో పేరు చేరినంత మాత్రాన ప్రాణికి అభయం దొరకదని ప్రపంచానికి మొదట తెలియజెప్పినది తిమింగలాల చరిత్ర. భూమిపై అతిపెద్ద జీవి అయిన నీలి తిమింగలాన్ని తెరచాపల ఓడలు వెంబడించలేకపోయేవి. బొగ్గుతో నడిచే ఆవిరి ఓడలు, పేలుడు ఈటెలు వచ్చిన తరువాత అది కూడా వేటకు చిక్కింది. సముద్రం ఏ ఒక్క దేశానికీ చెందదు. అందువలన ఒక దేశం చట్టం చేస్తే చాలదు. 1946లో దేశాలు కలిసి తిమింగలాల వేటను క్రమబద్ధం చేసే ఒడంబడిక కుదుర్చుకొని అంతర్జాతీయ కమిషన్‌ను ఏర్పాటు చేసుకొన్నాయి. 1966లో నీలి తిమింగలం వేటను కమిషన్ నిషేధించింది. అయినా సోవియట్ యూనియన్ ఓడలు ఆ తరువాత కూడా రహస్యంగా వేట సాగించాయని 1990 దశకంలో బయటపడింది. కాగితంపై రక్షణ ఉన్నా, నడిసముద్రంలో చూసే కన్ను లేకపోయింది.

1979లో హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయక్షేత్రంగా కమిషన్ ప్రకటించింది. 1982లో వాణిజ్య వేటను నిలిపివేయాలని తీర్మానించగా, 1986 నాటికి అది అమలులోకి వచ్చింది. 1981లో కమిషన్‌లో చేరిన భారతదేశంలో తిమింగలాలు కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో ఉన్నాయి. 2019లో జపాన్ కమిషన్ నుండి తప్పుకొని తన జలాలలో వాణిజ్య వేటను తిరిగి ప్రారంభించింది. ఒడంబడికలో చేరడం, తప్పుకొనడం దేశాల ఇష్టం. గోదావరి మొసలి విషయంలో ఇటువంటి చిక్కు లేదు. దాని మడుగు ఒక దేశంలో, ఒక రాష్ట్రంలో, రెండు జిల్లాల నడుమ ఉన్నది. దానిని కాపాడవలసినవారు ఎవరో స్పష్టంగా తెలుసు. కాబట్టి ఇక్కడ చట్టం విఫలమైతే చెప్పుకొనేందుకు సాకు కూడా ఉండదు.

చట్టం ఏమి చెబుతున్నది?

వేట అంటే చంపడమే అని సామాన్యంగా అనుకొంటారు. చట్టంలో ఈ మాటకు అర్థం చాలా విస్తృతమైనది. చంపడం, విషం పెట్టడం, ఉచ్చు పన్నడం, పట్టడం, తరమడం, గాయపరచడం, అందుకు ప్రయత్నించడం – అన్నీ వేట కిందికే వస్తాయి. సరీసృపాల గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా వేటే. మొదటి షెడ్యూలులోని ప్రాణిని వేటాడినవారికి మూడు సంవత్సరాలకు తగ్గకుండా ఏడు సంవత్సరాల వరకు జైలుశిక్ష పడుతుంది. 2002 సవరణ ప్రకారం కనీస జరిమానా 10,000 రూపాయలు ఉండగా, 2022 సవరణ దానిని 25,000 రూపాయలకు పెంచింది. మొసలి చనిపోయి ఒడ్డుకు కొట్టుకువచ్చినా దాని తోలు, పళ్లు ప్రభుత్వ ఆస్తి. వాటిని ఇంటికి తీసుకొనిపోయే హక్కు ఎవరికీ లేదు.

ఈ రక్షణ అభయారణ్యం హద్దులకు పరిమితం కాదు. వరదలలో కొట్టుకువచ్చి ఊరి చెరువులోకో, పొలం కాలువలోకో చేరిన మొసలికి కూడా అదే చట్టం వర్తిస్తుంది. దానిని చూసినవారు రాళ్లు, కర్రలు పట్టుకోకుండా అటవీశాఖకు కబురు చేయాలి.

అట్లని చట్టం మనిషి ప్రాణాన్ని చులకన చేయలేదు. ఆత్మరక్షణ కోసమో, ఇతరుల ప్రాణం కాపాడడానికో సద్బుద్ధితో ప్రాణిని గాయపరచినా, చంపినా నేరం కాదు. ఒక మొసలి మనుషులకు ప్రమాదకరంగా మారితే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలు చూపుతూ లిఖితపూర్వకంగా దానిని పట్టుకొనేందుకు అనుమతించవచ్చు. పట్టుకొని వేరొక చోటికి తరలించడం సాధ్యం కాదని తేలినప్పుడు మాత్రమే చంపడానికి అనుమతి లభిస్తుంది. మనిషికి, మృగానికి మధ్య తూకం చెడకుండా చట్టం పట్టిన త్రాసు ఇది.

పిల్లలున్నాయి, చోటు లేదు

చట్టం వచ్చేనాటికి మొసళ్ల సంఖ్య బాగా తగ్గిపోయి ఉన్నది. వేట ఆగితే చాలదని, సంతతిని పెంచాలని ప్రభుత్వం భావించింది. ఐక్యరాజ్యసమితి సంస్థల తోడ్పాటుతో, డాక్టర్ హెచ్.ఆర్. బస్టర్డ్ సలహాలతో 1975లో మొసళ్ల సంరక్షణ పథకం ఒడిశాలో ప్రారంభమైంది. గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను శత్రువుల నుండి తప్పించుకొనే వయసు వచ్చేదాకా పెంచి, తిరిగి నదులలో విడిచిపెట్టడం ఈ పథకం సారాంశం. 1980లో హైదరాబాదులో కేంద్ర మొసళ్ల పెంపక, నిర్వహణ శిక్షణ సంస్థ ఏర్పడింది. దేశం నలుమూలల నుండి వచ్చిన అటవీ అధికారులు అక్కడ శిక్షణ పొందారు. 1978లో మెదక్ జిల్లాలో మంజీర నదిపై అభయారణ్యం ఏర్పడింది. అక్కడ విడిచిన మగ్గర్లు నిలదొక్కుకొన్నాయి.

పథకం విజయవంతమైంది. అయితే ఆ విజయమే ఒక కొత్త ప్రశ్నను తెచ్చింది. మగ్గర్ బందీగా ఉన్నప్పుడు కూడా సులభంగా పిల్లలు పెడుతుంది. 1990 దశకం వచ్చేసరికి పెంపక కేంద్రాలు, జంతు ప్రదర్శనశాలలు మొసళ్లతో నిండిపోయాయి. వాటిని విడిచేందుకు మాత్రం అనువైన నదీభాగాలు దొరకలేదు. చివరకు పెంపకాన్నే తగ్గించుకోవలసి వచ్చింది. అంతరించిపోతున్నదని ఏ ప్రాణికోసం పథకం వేశారో, ఆ ప్రాణికి పిల్లలు ఉండి కూడా చోటు లేకపోవడం ఆలోచించదగిన విషయం. జాబితా మొసలి పేరును కాపాడింది; పెంపక కేంద్రం మొసలి సంతతిని కాపాడింది. మొసలి చోటును కాపాడవలసిన బాధ్యత మిగిలిపోయింది. శివ్వారం వంటి అభయారణ్యాల విలువ ఇక్కడ తెలుస్తుంది.

చోటుకు రక్షణ

ఒక ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. ముందుగా ఉద్దేశాన్ని ప్రకటించి, ఆ నేలపై, ఆ నీటిపై ఎవరెవరికి ఏయే హక్కులు ఉన్నాయో కలెక్టరు చేత విచారణ జరిపించాలి. ప్రకటన వెలువడిన తరువాత ఆ ప్రాంతంలోని ప్రాణులతో పాటు వాటి నివాసం కూడా చట్టం రక్షణలోకి వస్తుంది. నివాసాన్ని ధ్వంసం చేయరాదు. అభయారణ్యంలోకి వచ్చే నీటిని గాని, అక్కడి నుండి పోయే నీటిని గాని అనుమతి లేకుండా మళ్లించడం, ఆపడం, పెంచడం నిషిద్ధం. వన్యప్రాణులకు హాని కలిగించే రసాయనాలను, పేలుడు పదార్థాలను లోపల వాడరాదు. చేపల కోసం నీటిలో తోటాలు పేల్చడం ఈ నిషేధం కిందికే వస్తుంది.

గనుల ప్రాంతానికి మరింత ముఖ్యమైన నిబంధన సుప్రీంకోర్టు తీర్పు ద్వారా వచ్చింది. జాతీయోద్యానాల లోపల, అభయారణ్యాల లోపల గనుల తవ్వకం కూడదని 2022 జూన్ 3న ఆదేశించింది. ప్రతి రక్షితప్రాంతం చుట్టూ తప్పనిసరిగా ఒక కిలోమీటరు పర్యావరణ సున్నిత మండలం ఉండాలన్న భాగాన్ని 2023 ఏప్రిల్ 26న సడలించినా, వాటి లోపలనే కాక సరిహద్దు నుండి ఒక కిలోమీటరు దూరం వరకు కూడా గనుల తవ్వకం కూడదని ఆదేశించింది. నేల కింద బొగ్గు ఉన్నదని తెలిసినా, ఒక గీత వద్ద యంత్రం ఆగాలని దీని అర్థం. ప్రాణహిత–గోదావరి లోయ మొత్తం బొగ్గు పొరలతో నిండిన సీమ. అటువంటి సీమలో ఒక మడుగు చుట్టూ గీసిన ఆ గీతకు ఎంత విలువ ఉన్నదో చెప్పనక్కరలేదు.

అయితే గీత దగ్గర యంత్రం ఆగుతుంది, నీరు ఆగదు. నది ఎగువన ఏమి కలిసినా దిగువ మడుగుకు చేరుతుంది. గనుల నుండి తోడిన నీటిలోని బొగ్గు మడ్డి, బూడిద చెరువుల నుండి ఊరే నీరు, పట్టణాల మురుగు, పొలాలలో చల్లిన పురుగుమందులు శుద్ధి కాకుండా నదిలో కలిస్తే వాటికి అభయారణ్యం హద్దు తెలియదు. నీటిమట్టం సంగతి కూడా అంతే. ఎగువన ఎల్లంపల్లి ప్రాజెక్టు, దాని దిగువన సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ బరాజులు నిర్మితమయ్యాయి. నదిలో నీరు నిలపడం వలన మనిషికి సాగునీరు, తాగునీరు లభిస్తాయి. కాని గుడ్లు పెట్టే కాలంలో నీటిమట్టం హఠాత్తుగా పెరిగితే ఇసుకలోని గూళ్లు మునుగుతాయి; హఠాత్తుగా తగ్గితే మడుగులు పలుచబడతాయి. ఇసుకను లారీలకెత్తితే గూడు కట్టే తావే ఉండదు. మొసలిపై ఒక్క రాయి కూడా వేయకుండా, ఒక్క వల కూడా పన్నకుండా మొసలిని లేకుండా చేయవచ్చు. ఇటువంటి నష్టానికి నేరస్థుడు ఒక్కడు ఉండడు; అందుకే చట్టానికి దొరకడు.

ఒడ్డున ఉన్నవారి మాట

మొసలి రక్షణ భారం మొదట పడేది నదిని నమ్ముకొని బ్రతికేవారి మీద. అభయారణ్యం ఏర్పడితే తాతలనాటి నుండి వల వేసిన మడుగులో వేటకు ఆంక్షలు వస్తాయి. పశువులను నీటికి తోలాలన్నా, బట్టలు ఉతకాలన్నా, నది దాటాలన్నా భయం వెన్నంటే ఉంటుంది. వలలో పడిన మొసలి వలను చింపివేస్తే ఆ నష్టం మత్స్యకారునిదే. బొగ్గు వెలుగు నగరాలకు, మొసలి ఖ్యాతి రాష్ట్రానికి, నష్టం మాత్రం ఒడ్డువారికి అయితే ఆ చట్టం న్యాయంగా నడిచినట్లు కాదు. కలెక్టరు విచారణ అనే ఘట్టాన్ని చట్టంలో పెట్టడానికి కారణం ఇదే. ఆ విచారణ కాగితాలకు పరిమితమైతే ఒడ్డువారు చట్టానికి శత్రువులవుతారు. వారి మాట విని జరిగితే వారే కాపలాదారులవుతారు.

మనుషులు, మొసళ్లు పక్కపక్కన బ్రతకగలరని చూపిన ప్రాంతాలు మన దేశంలోనే ఉన్నాయి. గుజరాత్‌లోని చరోతర్ ప్రాంతంలో ఊరి చెరువులలో మగ్గర్లు ఉంటాయి. అక్కడి ప్రజలు వాటిని తమ ఊరి జీవులుగానే భావిస్తారు. వడోదర నగరం నడుమ పారే విశ్వామిత్రి నదిలో కూడా మగ్గర్లు ఉన్నాయి. భితర్‌కనిక పరిసర గ్రామాలలో స్నానఘట్టాల చుట్టూ కంచెలు కట్టి, మనుషులను, మొసళ్లను వేరుచేశారు. గూడు కట్టే కాలంలో ఒడ్డుకు దూరంగా ఉండడం, చీకటి పడ్డాక నీటిలో దిగకపోవడం, చేప వ్యర్థాలను రేవులో పారవేయకపోవడం, పిల్లలను ఒంటరిగా నీటికి పంపకపోవడం వంటి చిన్న జాగ్రత్తలు పెద్ద ప్రమాదాలను నివారిస్తాయి. వల నష్టపోయినవారికి, పశువును కోల్పోయినవారికి పరిహారం ఆలస్యం లేకుండా అందితే మొసలిపై పగ పెరగదు.

ముగింపు

1976లో జరిగిన 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో రెండు మాటలు చేరాయి. అడవులను, వన్యప్రాణులను కాపాడడం ప్రభుత్వ కర్తవ్యమని 48ఏ అధికరణం చెబుతుంది. నదులను, వన్యప్రాణులను కాపాడుతూ ప్రాణుల పట్ల దయ కలిగి ఉండడం ప్రతి పౌరుని విధి అని 51ఏ అధికరణం చెబుతుంది. ఈ రెండు బాధ్యతలూ కలిసినప్పుడే షెడ్యూలులోని పేరుకు ప్రాణం వస్తుంది.

బొగ్గు నిల్వలు తరిగేవి. ఒక గని మూతబడిన తరువాత అక్కడ బొగ్గు మళ్లీ పుట్టదు. మొసలి సంపద అటువంటిది కాదు. లోతైన నీరు, నిశ్చలమైన ఇసుక మిగిల్చితే ప్రతి వేసవిలోను అది తనంతట తాను కొత్త తరాన్ని కంటుంది. రాక్షసబల్లులు అంతరించిన విపత్తును కూడా దాటి వచ్చిన వంశం దానిది. అది నేడు కోరుతున్నది ముప్పై ఆరు చదరపు కిలోమీటర్ల చోటు. గోదావరిఖని పేరులో గనికి ముందు నది ఉన్నది. గని పని ముగిసిన తరువాత కూడా ఉండవలసినది ఆ నదే. దాని మడుగులో మొసలి ఉన్నంతకాలం నది జీవించి ఉన్నదనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

పదాలు – అర్థాలు

మడుగు : నదిలో లోతైన నీరు నిలిచిన తావు
కళేబరం : చనిపోయిన జంతువు శరీరం
ఒడంబడిక : ఒప్పందం
తోటా : పేలుడు మందు నింపిన గొట్టం
సరీసృపం : పాకే ప్రాణి
నిషిద్ధం : చేయకూడనిది
స్థానబలం : ఉన్న చోటు వలన కలిగే బలం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. మొసలికి శాస్త్రజ్ఞుల జాబితా, అంతర్జాతీయ ఒడంబడిక, దేశ చట్టం ఇచ్చే రక్షణలలోని భేదాలను వివరించండి.
2. ‘మొసలి బలమంతా దాని చోటులో ఉన్నది’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. తిమింగలాల రక్షణ చరిత్ర నుండి గ్రహించవలసిన పాఠం ఏమిటి?
2. మొసళ్ల పెంపకాన్ని 1990 దశకంలో ఎందుకు తగ్గించుకోవలసి వచ్చింది?
3. అభయారణ్యం వలన ఒడ్డున నివసించేవారికి కలిగే ఇబ్బందులు ఏమిటి? వాటిని తగ్గించే మార్గాలను సూచించండి.

ఇ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. శివ్వారం అభయారణ్యం ఏ ప్రాణుల రక్షణ కోసం ఏర్పడింది?
2. ‘మగ్గర్’ అనే పేరు ఏ సంస్కృత పదం నుండి వచ్చింది?
3. చట్టంలోని ఏ షెడ్యూలులో మగ్గర్ మొసలి ఉన్నది?
4. అభయారణ్యం సరిహద్దు నుండి ఎంత దూరం వరకు గనుల తవ్వకం నిషిద్ధం?